పిల్లల నోట ఉన్న వాక్యం పెద్దల నోట ఎందుకు లేదు?

(జడ్చర్ల దగ్గరి ఒక సంఘంలో వేసవి వి.బి.ఎస్. (పిల్లల సెలవుల బైబిల్ బడి) ముగింపు ఆదివారం నాడు, తల్లిదండ్రులను ఉద్దేశించి ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, సంఘ పెద్ద చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. పాస్టరు గారికి, ఈ మే నెల ఎండకు ఓర్చుకుని పది రోజులు పిల్లలకు పాఠాలు చెప్పిన టీచర్లకు, వంట చేసి పెట్టిన అక్కలకు ప్రత్యేకంగా వందనాలు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. మైకు పనిచేస్తున్నప్పుడే అసలు సంగతిలోకి వెళ్తాను.

ఇందాక పిల్లలు స్టేజీ ఎక్కి వాక్యాలు చెప్పారు. చిన్న క్లాసు పిల్లలు 23వ కీర్తన మొత్తం చెప్పారు. పెద్ద క్లాసువాళ్లు మత్తయి 5వ అధ్యాయంలోని ధన్యతలన్నీ వరసగా అప్పజెప్పారు. ఒక చిన్నోడు "గాఢాంధకారపు లోయలో" అన్న చోట ఆగిపోతే, కింద కూర్చున్న వాళ్లమ్మ అందించబోయి తనూ అక్కడే ఆగిపోయింది. (నవ్వులు) నవ్వకండి. ఆ అమ్మ ప్రయత్నమైనా చేసింది. మిగతా మనమంతా ఫోన్లు పైకెత్తి వీడియో తీసుకుంటున్నాం.

ఈ రోజు నేను మాట్లాడేది పిల్లలతో కాదు. వాళ్లకు చెప్పాల్సింది టీచర్లు చెప్పేశారు, ప్రైజులు ఆ బల్ల మీద ఉన్నాయి. వీడియో తీసినవాళ్లతోనే నాకు పని. మన సంఘాల్లో కంఠత వాక్యం అంటే పిల్లల వ్యవహారం అయిపోయింది. సండే స్కూల్లో బంగారు వాక్యం, క్రిస్మస్‌కు స్టేజీ మీద ఒక వచనం, వి.బి.ఎస్.లో రోజుకొకటి. పదో తరగతి దాటిందంటే ఇక అడిగేవాళ్లూ లేరు, చెప్పేవాళ్లూ లేరు. బడిలో ఏళ్ల తరబడి పాఠాలు అప్పజెప్పించుకున్నవాణ్ణి కాబట్టి ఒక మాట చెప్తాను. పిల్లవాడు ఈ రోజు చెప్పిన వాక్యంలో సగం వాడికి ఇంకా అక్కర పడనే లేదు. ఎనిమిదేళ్ల పిల్లకు గాఢాంధకారపు లోయ ఎక్కడుంటుంది? మీకుంది. మిత్తి కట్టాల్సిన నెలాఖరు మీకుంది. సంబంధం కుదరని బిడ్డ మీకుంది. రిపోర్టు కోసం కూర్చునే ఆసుపత్రి వరండా మీకుంది. అవసరమంతా మనం పెట్టుకుని వాక్యం మాత్రం పిల్లల దగ్గర ఉంచాం.

ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం తీయండి. ఆరో వచనం: "నేడు నేను నీకాజ్ఞాపించు ఈ మాటలు నీ హృదయములో ఉండవలెను." ఎవరి హృదయంలో? అమ్మానాన్నల హృదయంలో. పిల్లలకు నేర్పమన్న మాట ఏడో వచనంలో గాని రాదు. "నీవు నీ కుమారులకు వాటిని అభ్యసింపజేసి, నీ యింట కూర్చుండునప్పుడును త్రోవను నడుచునప్పుడును పండుకొనునప్పుడును లేచునప్పుడును వాటినిగూర్చి మాటలాడవలెను." మనం ఆరో వచనం దాటేసి, ఏడో వచనాన్ని సండే స్కూల్ టీచర్లకు అప్పగించాం. ఇక్కడ చెప్పిన చోట్లు చూడండి. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో పోయేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. ఏ చోటా చేతిలో పుస్తకం ఉండదు. అసలు మోషే ఈ మాట చెప్పిన నాడు ఏ గుడారంలోనూ ఇంటికొక పుస్తకం లేదు.

అంత దూరం ఎందుకు, మన ప్రాంతం సంగతే చూద్దాం. అబ్రహాం ఫ్రీసెన్, మరియా ఫ్రీసెన్ అనే దంపతులు రష్యాలోని మెన్నొనైట్ బ్రదరన్ సంఘాల నుంచి 1889లో మన దేశానికి వచ్చి, అమెరికన్ బాప్టిస్టు మిషనుతో కలిసి నల్లగొండలో పని మొదలుపెట్టారు. పదేళ్లకు, 1899లో, అమెరికా నుంచి మెన్నొనైట్ బ్రదరన్ మిషనరీలు వచ్చారు. నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, మన జడ్చర్ల, ఇవన్నీ ఆ తర్వాతి కథ. అప్పుడిది నిజాం రాజ్యం. కచేరీలో ఉర్దూ, ఇంట్లో తెలుగు. నూటికి అయిదుగురికి కూడా చదువు లేని కాలం. అందులోనూ ప్రభువును నమ్ముకున్నవాళ్లలో ఎక్కువమంది బడి గడప తొక్కనివ్వని వాడల నుంచి వచ్చినవాళ్లు. మన తాతలు, ముత్తాతలు.

వాళ్లకు బైబిలు చెవిన పడి వచ్చింది. ఉపదేశి ఒక మాట చెప్తాడు, అందరూ ఆ మాట చెప్తారు. పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు, నాలుగైదు కీర్తనలు. పగలంతా పటేలు చేలో పని, రాత్రి కందిలి పెట్టుకుని పాఠం. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు, 1912లో డోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారు కూడా పల్లెల్లో అక్షరం రాని విశ్వాసులకు నోటి పాఠంగానే నేర్పించారు. అప్పుడు కంఠతం చేసింది పెద్దవాళ్లు. నడుం వంగి నాట్లేసే ఆడవాళ్లు, చెప్పులు కుట్టే మగవాళ్లు. పిల్లలు వాళ్ల పక్కన కూర్చుని విని నేర్చుకున్నారు.

వాళ్లకు అది కొత్త విద్య కూడా కాదు. తెల్లవార్లూ చిందు భాగవతం ఆడే నేల ఇది. ఒగ్గుకథ చెప్పేవాడు ఏ కాగితం చూస్తాడు? ఇలాంటి చోట పుట్టి "నాకు జ్ఞాపకశక్తి లేదు సార్" అంటే నేను నమ్మను. సినిమా పాట రెండో చరణంతో సహా వస్తుంది మీకు. ఎవరి పెళ్లిలో ఎవరు ఎంత కట్నం చదివించారో పదేళ్ల తర్వాత కూడా అణా పైసలతో చెప్తారు. (నవ్వులు)

బైబిలు కూడా మనసులో నిలవడానికి వీలుగా కట్టిన గ్రంథమే. 119వ కీర్తన చూడండి. 176 వచనాలు. అమ్మో అంటాం. అది 22 భాగాలు, భాగానికి 8 వచనాలు. హెబ్రీ అక్షరాలు 22. మొదటి భాగంలోని ఎనిమిది వచనాలూ మొదటి అక్షరంతోనే మొదలవుతాయి, రెండో భాగంలోవి రెండో అక్షరంతో, అలా చివరి అక్షరం దాకా. సామెతలు 31లో గుణవతియైన భార్యను గురించి చెప్పిన భాగమూ అక్షర వరసే. విలాపవాక్యముల్లో మొదటి నాలుగు అధ్యాయాలూ అంతే. ఊరు తగలబడిపోయి, దేవాలయం కూలిపోయి ఏడుస్తున్నవాళ్లకు కూడా ఏడుపును అక్షరాల వరసలో కట్టి ఇచ్చారు, మరిచిపోకుండా ఉండాలని. ఈ ఏర్పాటు మన తెలుగు బైబిల్లో కనపడదు గాని దాని ఉద్దేశం మనకు తెలియాలి.

ఇంకో సంగతి గమనించారా? యేసు ప్రభువు శాస్త్రులతో, పరిసయ్యులతో, సద్దూకయ్యులతో మాట్లాడేటప్పుడు "మీరు చదవలేదా" అని అడుగుతాడు. మత్తయి 12లో, 19లో, 21లో, 22లో చూడండి. కొండ మీద జనంతో మాట్లాడేటప్పుడు మాత్రం "మీరు విన్నారు గదా" అంటాడు. ఆ జనంలో చాపలు పట్టేవాళ్లు, కూలి చేసేవాళ్లు. వాళ్లు విన్నది వాళ్ల లోపల ఉందన్న నమ్మకంతోనే ప్రభువు మాట్లాడాడు.

ఇక్కడ మన యూత్ తమ్ముళ్లు ఒక ప్రశ్న వేస్తారు. వేశారు కూడా, నిన్న సాయంత్రం. "సార్, బైబిలు ఫోన్లోనే ఉంది కదా, వెతికితే సెకనులో వస్తుంది, ఇంకా బట్టీ కొట్టడం ఎందుకు?" మంచి ప్రశ్న. ఫోను నా దగ్గరా ఉంది, నేనూ వాడతాను. పరిశోధనకు, పోల్చి చూసుకోవడానికి బాగా పనికొస్తుంది. కానీ తమ్ముడూ, వాక్యం అక్కర పడే సమయం ఎంతసేపు ఉంటుందో ఆలోచించు. భార్య ఒక మాట అంది. నీ నోట్లోకి దానికి రెండింతలు పెద్ద మాట వచ్చింది. ఆ మాట బయటపడటానికి ఎంతసేపు? అప్పుడు నువ్వు ఫోను తీసి, లాక్ తెరిచి, యాకోబు పత్రిక వెతుకుతావా? "వినుటకు వేగిరపడువాడును, మాటలాడుటకు నిదానించువాడును, కోపించుటకు నిదానించువాడునై యుండవలెను" అన్నది అప్పటికే నాలుక కింద ఉండాలి. యాకోబు 1:19. ఉంటే మాత్రం ప్రతిసారీ ఆగుతామా అంటే ఆగం. మా ఇంట్లో అడిగితే చెప్తారు. (నవ్వులు) కానీ లోపల ఒక అడ్డం పడుతుంది. అన్న తర్వాతైనా సిగ్గు త్వరగా వస్తుంది. పొద్దున అన్న మాటకు రాత్రి దాకా బిగుసుకుని కూర్చోకుండా, మధ్యాహ్నం అన్నానికే సర్దుకుంటాం. కాపురం చేసేవాళ్లకు అది తక్కువ లాభమేమీ కాదు.

బాదేపల్లి మార్కెట్ యార్డు సంగతి మీకు నేను చెప్పాలా? మక్కలు, పల్లి, పత్తి వచ్చే రోజుల్లో కాంటా దగ్గర నిలబడేవాళ్లు మనవాళ్లలోనూ ఉన్నారు. "దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము." సామెతలు 11:1. బస్తాకు ఒక కిలో తరుగు ఎక్కువ రాయడానికి పట్టేది ఒక్క పెన్ను గీత. రైతు అటు తిరిగి బీడీ ముట్టించుకుంటాడు. ఆ గీత గీసే చేయికి ఈ వాక్యం తెలిసి ఉండాలి. ఆదివారం గుడిలో వినడం వేరు, బుధవారం కాంటా పక్కన గుర్తుకు రావడం వేరు. ఎలక్షన్ల ముందు రాత్రి తలుపు కొట్టే కవరు గురించి నిర్గమకాండము 23:8 ఉంది. అది ఇక్కడ చదవను, ఇంటికెళ్లి చూసుకోండి. (నవ్వులు)

మన సంఘంలో ఒక పెద్దమ్మ ఉంది. పేరు చెప్తే కోప్పడుతుంది. చదువు రాదు, వేలిముద్రే. ఆమె కొడుక్కి హైవే మీద యాక్సిడెంట్ అయినప్పుడు హైదరాబాద్ తీసుకెళ్లారు. ఆ రాత్రి నేనూ తోడు వెళ్లాను. ఐసియు బయట కారిడార్‌లో అటూ ఇటూ జనం. కొందరు చాపలు, కొందరు న్యూస్ పేపరు పరుచుకుని పడుకున్నారు. అర్ధరాత్రి దాటాక నా ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. ఆమె గోడకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అంటోంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. దగ్గరికి జరిగితే వినబడింది. "ఆయన నీ పాదము తొట్రిల్లనియ్యడు, నిన్ను కాపాడువాడు కునుకడు." 121వ కీర్తన. మొదటి నుంచి చివరి దాకా చెప్తోంది, అయిపోతే మళ్లీ మొదలుపెడుతోంది. తెల్లవారుజామున లోపలికి ఒక్కరినే పంపారు, ఫోను బయటే పెట్టమన్నారు. ఆమెకు బయట పెట్టడానికి ఏమీ లేదు. లోపలికెళ్లి కొడుకు చెవి దగ్గర అదే చెప్పి వచ్చిందట. బయట కల్వకుర్తి వైపు నుంచి వచ్చిన ఒకావిడ, మనవాళ్లు కాదు, ఆమె భర్త కూడా లోపలే ఉన్నాడు, ఈమె పక్కకు వచ్చి కూర్చుని, "అవ్వా, ఆ నిద్రపోడు అనేది ఇంకోసారి చెప్పవా" అని అడిగింది.

కొడుకు బతికాడు. అదిగో, వెనక వరసలో కూర్చున్నాడు. కానీ ఒకటి చెప్తాను. బతక్కపోయినా ఆ రాత్రి ఆమె చెప్పిన మాట అబద్ధమయ్యేది కాదు. కీర్తన చెప్తే పేషెంటు లేస్తాడని నేను ఇక్కడ చెప్పడం లేదు, అలా చెప్పేవాళ్ల మాట మీరూ నమ్మవద్దు. నిద్రపట్టని ఆ రాత్రిలో, కునుకు తీయనివాడు ఒకడున్నాడన్న సంగతి ఆమెకు తెలుసు. అంతవరకే నేను చూశాను.

యోహాను 14:26లో ప్రభువు పరిశుద్ధాత్మను గురించి, "నేను మీతో చెప్పిన సంగతులన్నిటిని మీకు జ్ఞాపకము చేయును" అన్నాడు. చాలామంది దీన్ని పట్టుకుని, "సమయానికి ఆత్మ దేవుడే గుర్తు చేస్తాడు, మనం నేర్చుకోవడం ఎందుకు" అంటారు. ఆ శిష్యులు మూడేళ్లు పక్కనే ఉండి విన్నవాళ్లు. పాలమూరోళ్లకు నేను విడమరచి చెప్పక్కర్లేదు, బోరులో నీళ్లుంటే కదా మోటారు వేస్తే పడేది.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. వాక్యం కంఠతం రావడం ఒక్కటే చాలదు. సాతానుకు కూడా వచ్చు. మత్తయి 4లో ప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి 91వ కీర్తన చెప్పాడు. "ఆయన నిన్ను గూర్చి తన దూతలకు ఆజ్ఞాపించును, నీ పాదమెప్పుడైనను రాతికి తగులకుండ వారు నిన్ను చేతులతో ఎత్తికొందురు." అప్పజెప్పడంలో వాడికి మార్కులు వేయవచ్చు. కానీ కీర్తనలో అసలు మాట "నీ మార్గములన్నిటిలో నిన్ను కాపాడుటకు" అని ఉంది. ఆ "మార్గములన్నిటిలో" వాడు మింగేశాడు. శిఖరం మీంచి దూకడం మార్గం కాదు కదా. తర్వాతి వచనం దాకా కూడా పోలేదు, అక్కడ సింహాలనూ నాగుపాములనూ తొక్కుతావని ఉంది, అది వాడికి ఇబ్బంది. (నవ్వులు) ప్రభువు ఏమన్నాడు? "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదని మరియొక చోట వ్రాయబడియున్నది." మరియొక చోట! ఆ మరియొక చోటు తెలియాలంటే ఒక్క ముక్క పట్టుకుంటే సరిపోదు. ఆ అరణ్యంలో ప్రభువు ఇచ్చిన మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండములోవే, 6వ అధ్యాయంలోవి రెండు, 8వ అధ్యాయంలోది ఒకటి. నలభై రోజులు ఉపవాసం ఉన్నవాడి దగ్గర గ్రంథపు చుట్టలేవీ లేవు.

మనం చేసేది ముక్కలు పట్టుకోవడం. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డు తీస్తాం. యిర్మీయా 29:11 వస్తే మహా సంతోషం. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." ఫ్రిజ్ మీద అంటిస్తాం. దానికి పైన పదో వచనం ఎంతమంది చదివారు? బబులోనుకు చెరపోయినవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం అది, అక్కడ డెబ్భై ఏళ్లు గడవాలని ఉంది. అంతకన్నా పైన, అయిదో వచనంలో, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని ఉంది. అంటే ఇప్పట్లో వచ్చేది లేదు, అక్కడే బతకండి అని. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది బబులోనులోనే పోయి ఉంటారు. వాగ్దానం అబద్ధమా? కాదు. కానీ ఈ ఏడాది ఉద్యోగం వస్తుందని దానికి అర్థం చెప్పి, రాకపోతే దేవుడి మీద అలిగే పిల్లల్ని నేను చూశాను. ఇంటర్ పిల్లలు పరీక్ష అట్ట మీద "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అని రాసుకుంటారు. ఫిలిప్పీ 4:13. రాసుకోండి, కాదనను. దాని పైన పన్నెండో వచనంలో పౌలు ఆకలిగా ఉండటం కూడా నేర్చుకున్నానంటున్నాడు. ఫెయిలైన ఇంట్లో కూడా పనికొచ్చే వాక్యం అది. అక్కడికి మనం దాన్ని తీసుకుపోవడం లేదు.

121వ కీర్తనలోనే ఆరో వచనం, "పగలు ఎండదెబ్బయైనను నీకు తగులదు" అని ఉంది. ఈ ఎండలో ఆ వచనం చెప్పుకుంటూ గొడుగు లేకుండా, నీళ్లు తాగకుండా ఉపాధి పనికి పోతే, అది 91వ కీర్తన చెప్పించుకుని శిఖరం మీంచి దూకడమే. తలకు గుడ్డ కట్టుకోండి, ఓఆర్ఎస్ పాకెట్ దగ్గర పెట్టుకోండి, వాక్యమూ చెప్పుకోండి.

వాక్యం వచ్చినవాళ్లు చేసే ఇంకో పని ఉంది, దాని గురించి మాట్లాడాలంటే నాకే బాధ. చావు ఇంటికి వెళ్తాం. పసిబిడ్డ పోయిన తల్లి కూర్చుని ఉంటుంది. మనకు రోమా 8:28 కంఠతం వచ్చు. "సమస్తమును సమకూడి జరుగుచున్నవి" అని అక్కడే, ఆ శవం పక్కనే అప్పజెప్పేస్తాం. వాక్యం నిజమే. కానీ ఆ గంటలో అది ఆమెకు రాయిలా తగులుతుంది. అదే పత్రికలో 12:15 ఉంది, "ఏడ్చువారితో ఏడువుడి" అని. ఆ రెండో వాక్యం వచ్చినవాడు మొదటిది లోపలే పెట్టుకుని, ఆమె పక్కన కూర్చుని, చుట్టాలకు నీళ్లందిస్తాడు. యోబు స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా కూర్చున్నంతసేపు మంచివాళ్లే. నోరు తెరిచాకే చెడ్డారు.

సరే, ఎలా నేర్చుకోవాలి? ఉపాధ్యాయుణ్ణి కాబట్టి ఇది చెప్పకుండా దిగను. బి.ఇడి. చదివినవాళ్లు ఎబ్బింగ్‌హాస్ పేరు విని ఉంటారు. జర్మనీ ఆయన, 1885లో జ్ఞాపకశక్తి మీద పుస్తకం వేశాడు. అర్థం లేని అక్షరాల ముక్కలు తయారుచేసుకుని, తన మీద తనే ప్రయోగం చేసుకున్నాడు. నేర్చుకున్నది మొదటి గంటల్లో, మొదటి రోజుల్లో గబగబా పోతుంది, ఆ తర్వాత పోవడం నెమ్మదిస్తుంది అని తేల్చాడు. ఒకే రోజు కూర్చుని వల్లెవేయడం కన్నా రోజులు విడదీసి మళ్లీ మళ్లీ చెప్పుకుంటే ఎక్కువ నిలుస్తుందనీ చూపించాడు. కాబట్టి శనివారం రాత్రి అయిదు వచనాలు నూరడం దండగ. ఈ రోజు నేర్చుకున్నది రేపు చెప్పుకోండి, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి చెప్పుకోండి. మరిచిపోతే టెన్షన్ పడకండి, రెండోసారి నేర్చుకోవడం తేలిక.

ఒక్కో వచనం అక్కడొకటి ఇక్కడొకటి ఏరుకోవద్దు. ఒక భాగం మొత్తం పట్టుకోండి. మొదటిసారి అయితే ఆ 121వ కీర్తనే తీసుకోండి, ఎనిమిది వచనాలే. యెరూషలేము పండుగలకు పోయేవాళ్లు దారిలో పాడుకున్న యాత్రకీర్తనల్లో ఒకటి, 120 నుంచి 134 దాకా అలాంటివి పదిహేను ఉన్నాయి. అది జతలు జతలుగా నడుస్తుంది. ఒకటి రెండు: కొండలు, సహాయం. మూడు నాలుగు: కునుకడు. అయిదు ఆరు: నీడ, ఎండ, వెన్నెల. ఏడు ఎనిమిది: అపాయం, రాకపోకలు. తప్పు పోయే చోటు ఒకటుంది, ముందే చెప్తాను. మూడో వచనం "కునుకడు" దగ్గర ఆగుతుంది, నాలుగో వచనంలోనే "కునుకడు నిద్రపోడు" అని ఉంటుంది. చాలామంది మూడులోనే నిద్రపోడు అనేసి నాలుగు మింగేస్తారు. "కాపాడు" అన్న మాట ఆరుసార్లు రావాలి. వేళ్లు మడుచుకుంటూ చెప్పండి, అయిదే వస్తే ఎక్కడో ఒకటి పోయిందన్నమాట.

ఇంకొకటి చూడండి. మొదటి రెండు వచనాల్లో "నా కన్నులు, నాకు సహాయము" అని ఉంది. మూడు నుంచి "నీ పాదము, నిన్ను కాపాడువాడు" అయిపోయింది. బయలుదేరేవాడు ఒక మాట అంటే, గడపలో నిలబడ్డవాళ్లు మిగతాది చెప్తున్నట్టు ఉంటుంది. ఇంట్లో అలాగే నేర్చుకోండి. ఇద్దరు ముగ్గురు కలిసి, ఒకరు మొదటి రెండు, మిగతావాళ్లు ఆ తర్వాతవి. మన జిల్లాలో వలస పోని ఊరు లేదు. నారాయణపేట వైపు నుంచి ముంబై, పుణె బస్సులు నిండిపోయి పోయిన రోజులు పెద్దలకు గుర్తే. ఇప్పుడు పిల్లలు హైదరాబాద్ హాస్టళ్లకు, గల్ఫ్‌కు పోతున్నారు. బ్యాగు సర్దేటప్పుడు పచ్చడి సీసా పెడతాం, చార్జర్ పెట్టావా అని అడుగుతాం. "ఇది మొదలుకొని నిరంతరము నీ రాకపోకలయందు యెహోవా నిన్ను కాపాడును" అని తల్లి నోటి నుంచి వస్తే, ఆ పిల్లవాడు ఆ ఊళ్లో ఆ కంఠంతోనే దాన్ని గుర్తు తెచ్చుకుంటాడు. ఆ మాట చెప్పాలంటే ముందు తల్లికి రావాలి.

చదువు రానివాళ్లు పిల్లల చేత చదివించుకోండి, ఇప్పుడు వినే బైబిళ్లు కూడా ఉన్నాయి. పని పట్టుకుని చెప్పుకుంటే తేలిక. వాకిలి ఊడుస్తూ ఒక వచనం, పత్తి ఏరుతూ ఒక సాలుకు ఒక వచనం. రిఫరెన్సు మొదటా చివరా చెప్పండి, లేకపోతే "బైబిల్లో ఎక్కడో ఉంది" అనే జాతిలో చేరిపోతారు. రాగం కట్టుకుంటే ఇంకా మంచిది, కొలస్సీ 3:16 ఆ దారే చెప్తోంది. వయసైపోయింది, ఇప్పుడేం వస్తుంది అనేవాళ్లకు ఒక్క మాట. మనవళ్ల పేర్లు మరిచిపోయిన ముసలివాళ్లు 23వ కీర్తన మొదలుపెట్టగానే వెంట చెప్పడం మీ ఇళ్లల్లో మీరే చూసి ఉంటారు. ఎప్పుడో పడిన మాటలు అవి. మిగతావన్నీ జారిపోయాక కూడా ఉండేవి ఏవో ఇప్పుడే వేసుకోండి.

పాస్టరు గారితో, టీచర్లతో మాట్లాడి ఒక ఏర్పాటు చేశాం. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఈ పిల్లలే ద్వారం దగ్గర నిలబడతారు. 121వ కీర్తన మొదటి రెండు వచనాలు అప్పజెప్పిన పెద్దవాళ్ల పేరు వాళ్లు నోటుబుక్కులో రాసుకుంటారు. ఆ తర్వాత వారానికి రెండు. నాలుగు వారాల్లో అయిపోతుంది. సంఘ పెద్దలం కూడా అదే లైన్లో నిలబడతాం, పాస్టరు గారూ నిలబడతానన్నారు. పిల్లలూ, మీ నాన్నకు ఒక్క మాట కూడా అందించొద్దు. (నవ్వులు) ఇప్పుడు ప్రైజులు ఇద్దాం, చిన్న క్లాసువాళ్లు ముందు రండి. భోజనాలు వెనక టెంటు కింద ఉన్నాయి, ముందు పిల్లల్ని కూర్చోనివ్వండి.